ఆ ముడి ఎవరు నేర్పారు?

లిఫ్టులు బాగుచేసేవాడికి అనుమానం పనిలో భాగం. తాడు గట్టిగానే ఉందని ఎవరన్నా చెబితే అతను తలూపి, టార్చి తీసుకుని తనే పైకెక్కి చూసుకుంటాడు. ఆ బుద్ధి ఇంటికి కూడా తెస్తాడని భార్య విసుక్కునేది.

ఈసారి అనుమానం కూతురి మీదికే మళ్లింది. ఒకటో తరగతి చదివే బుల్లి, శుక్రవారం క్లాసులో అందరి ముందూ నిలబడి 'నాకు చేతనైన పని' గురించి చెప్పాలి. "ఏం చెబుతావే?" అనడిగితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అమ్మ వైపు చూసింది. అమ్మ కుట్టుమిషన్ మీంచి తలెత్తలేదు.

"నేను వెళ్లొస్తాగా. ఆ రోజు మీకు డ్యూటీ కదా" అంది.

బడి మొహం చూడరని ఎప్పుడూ దెప్పే మనిషి ఇప్పుడు రావద్దంటోంది. అతనికి తేడా కొట్టింది. మొన్న తను పెందలాడే ఇంటికొస్తే, బుల్లి ఏదో గబుక్కున మంచం కిందికి తోసేసింది. సింకులో రెండు టీ గ్లాసులున్నాయి. పక్కింటావిడ వచ్చిందంది భార్య. పక్కింటావిడ టీ ముట్టదు.

డ్యూటీ మార్చుకుని శుక్రవారం బడికెళ్లాడు. క్లాసులో అతన్ని చూడగానే భార్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీరేంటి ఇక్కడ?"

"నా కూతురు మాట్లాడుతుంటే నేను వినకూడదా?"

పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూచున్నాడు. ఒక పిల్లాడు వాళ్ల కుక్కలా మొరిగి చూపించాడు. ఇంకొకడు ఎక్కం మొదలుపెట్టి మధ్యలో బిక్కమొహం వేశాడు. అందరూ నవ్వుతున్నారు గానీ అతని కన్ను భార్య మీదే ఉంది. ఆవిడ మాటిమాటికీ కిటికీ వైపు చూస్తోంది.

బుల్లి వంతు వచ్చింది. సంచీలోంచి లావుపాటి తాడు తీసింది.

"నాకు ముడులు వెయ్యడం వచ్చు. ఇది పడవని కట్టే ముడి. లాగితే బిగుస్తుంది. ఇలా తోస్తే ఊడుతుంది."

టీచరు బల్ల కాలికి తాడు చుట్టి, నాలిక కొస పెదవి మూలకి నొక్కిపెట్టి ముడి వేసింది. అతను ముందుకి వంగి చూశాడు. ముడి వేసేటప్పుడు అలా నాలిక నొక్కిపెట్టే మనిషి అతనికి ఒక్కడే తెలుసు. లాంచీ నడిపే మామగారు. రెండేళ్ల కిందట ఆయన మనవరాల్ని లాంచీ చూపిస్తానని తీసుకెళ్లి, తాడు కడుతూ అటు తిరిగాడు. పిల్ల లాంచీ ఎక్కే చెక్క మీంచి జారి నీళ్లలో పడింది. ఆయనే దూకి తీశాడు. కానీ అతను ఆ రోజే, మా ఇంటి ఛాయలకి రావద్దని మొహమ్మీదే చెప్పేశాడు.

"భలే వేశావే! ఎవరు నేర్పారు?" టీచరు అడిగింది.

బుల్లి అమ్మని చూసింది. నాన్నని చూసింది. "చెప్పకూడదు" అంది.

క్లాసంతా గొల్లుమంది. అతను లేచి బయటికి నడిచాడు.

వరండాలో స్తంభం చాటున మామగారు నిలబడి ఉన్నాడు.

"దాన్ని మళ్లీ నీళ్ల దగ్గరికి తీసుకెళ్లారా?"

"లేదల్లుడూ. మీ ఇంట్లోనే, మంచం కోడుకి కట్టి నేర్పా."

"ఎన్నాళ్లుగా సాగుతోంది ఇది?"

"నన్నడగండి" వెనకనుంచి భార్య అంది. "నేనే రమ్మన్నాను. ఆ రోజు నీళ్లలో పడ్డాక, నెత్తిన చెంబెడు నీళ్లు పోస్తే అది ఎలా గుక్కపట్టేదో మర్చిపోయారా? ఇప్పుడు ఎందుకు ఏడవట్లేదనుకున్నారు?"

పెద్దదవుతోంది కదా, దానంతటదే మానేసిందనుకున్నాడు అతను.

"తాడు చేతిలో ఉంటే నీళ్లు ఏం చెయ్యలేవని చెప్పా" అన్నాడు ముసలాయన మెల్లగా. "అంతకు మించి ఏం లేదు."

"నా వెనకాల" అన్నాడతను భార్యతో.

"ముందు అడిగితే ఒప్పుకునేవారా?"

గంట కొట్టారు. బుల్లి తాడు ఈడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చి, ముగ్గుర్నీ చూసి ఆగిపోయింది. అమ్మ వైపు తిరిగి, "నేను చెప్పలేదమ్మా, నిజంగా చెప్పలేదు" అంది, కళ్లనిండా నీళ్లతో.

తన దగ్గర దాచడం ఇంత పిల్లకి నేర్పాల్సొచ్చింది. అతనికి ఎక్కడో కలుక్కుమంది. గొంతుక్కూచుని, "ఇక చెప్పొచ్చులే" అన్నాడు. తర్వాత లేచి మామగారితో అన్నాడు. "ఆదివారం రండి. నేనుండగా."

"అంటే పక్కన కూచుని కాపలా కాస్తావా?"

"కాస్తాను."

"కాయి. నీ చోట నేనున్నా కాసేవాణ్ణే."

బడి మెట్లు దిగుతూ బుల్లి తాత వేలు పట్టుకుంది. అతను వద్దనలేదు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో, వాళ్ల వెనకే నడిచాడు.