ఎవరి ఛాతీ ఎత్తు?

నేను ఒక కొలత టేపుని. పసుపుపచ్చని ఒళ్లు, నల్లటి అంకెలు. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. అక్కడ నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు కనుక ఆ ఊసు వదిలేద్దాం. మొదట రాజమండ్రిలో ఒక టైలరు మెడలో ఉండేదాన్ని. నన్ను చూడగానే మనుషులు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేవారు. తీరా బట్టలు బిగుతైతే నన్నే తిట్టేవారు.

జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన నీరజాక్షి, తన టేపు వాగులో పోయిందని చెప్పి, టైలరుని అడిగి నన్ను మారేడుమిల్లి కొండల మీదికి పట్టుకుపోయింది. ఆవిడ అడవుల మీద పరిశోధన చేస్తుంది. ప్రతి వేసవిలో అవే చెట్లకి ఛాతీ ఎత్తులో నన్ను చుట్టేది. ఏటేటా ఎంత లావెక్కాయో లెక్క కడితే అడవి కోలుకుంటోందో నీరసిస్తోందో తెలుస్తుందట. చెట్లంటే నాకు గౌరవం. అవి పొట్ట లాక్కోవు.

ఒక ఏడు ఆవిడకి కాలు బెణికితే సహాయకుడు జోగారావు కొలిచాడు. ఏ గుమ్మంలోనైనా తల వంచాల్సినంత పొడగరి. లెక్క చూస్తే చెట్లన్నీ చిక్కిపోయాయి. అడ్డాకులు కోసేవాళ్లే అడవిని పాడుచేస్తున్నారని, కోత ఆపించేస్తామని పై ఆఫీసు అంది. విస్తళ్ల ఆకు అమ్ముకుని బతికే చెల్లాయమ్మ నేరుగా నీరజాక్షి దగ్గరికి వచ్చింది.

“మేం తీగ మీది ఆకు కోత్తాం గానీ మాను జోలికెల్లం అమ్మా. చిక్కిపోడానికి మానుకేమన్నా జొరమొచ్చిందా?”

నీరజాక్షి ముందు నన్నే అనుమానించింది. టేపు సాగితే కొలత తగ్గుతుంది మరి. ఇనుప స్కేలు పక్కన పరిచి చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. ఉండదని నాకు తెలుసు. అప్పుడు కుంటుకుంటూ వెళ్లి ఒక మద్దిచెట్టుని తానే కొలిచింది. నిరుటికంటే లావుగానే ఉంది. జోగారావుని కొలవమంటే, నన్ను ఆవిడ గడ్డం ఎత్తున చుట్టాడు.

“ఛాతీ ఎత్తన్నారు కదండీ. నా ఛాతీ ఇక్కడే ఉందండి.”

పైకి పోయేకొద్దీ మాను సన్నబడుతుందని ఇద్దరికీ తెలుసు. అందరూ ఒకే ఎత్తున కొలవాలనీ తెలుసు. అయినా ఆవిడ ఏళ్ల తరబడి తన ఛాతీతోనే సరిపెట్టుకుంది. ఛాతీ ఎత్తంటే తన ఛాతీ ఎత్తని అతనికి చెప్పనే లేదు.

“ఈపాలి ఈ బాబుని గోతిలో నిలబెట్టి కొలిపించండమ్మా. అడివి బలుత్తాది,” అంది చెల్లాయమ్మ.

నీరజాక్షి నవ్వాపుకోలేక, తన ఛాతీ ఎత్తుకి ఒక వెదురు కర్ర కోయించి, ప్రతి చెట్టుకీ దాన్ని ఆనించి మళ్లీ కొలిపించింది. చెట్లు కొంచెం కొంచెం పెరిగే ఉన్నాయి. పొరపాటు తమదేనని పై ఆఫీసుకి రాసింది. కోత ఆగలేదు.

అంకెలు అరిగాక ఆవిడ నన్ను చెల్లాయమ్మకిచ్చేసింది. ఇప్పుడు సంతకి వెళ్లే ఆకుల కట్టకి నడికట్టుని. ఈ ఏడు ఆకు ఎంత దొరికిందంటే, చెల్లాయమ్మ కట్ట మీద మోకాలు ఆనించి లాగితే తప్ప నా రెండు కొసలూ కలవడం లేదు.