మడ్డి నీళ్ళు

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకర, సిమెంటు కలిసి పెరట్లో నేల రాయిలా బిగుసుకుపోయింది. చిన్నకోడలు నాటిన వంగ మొక్కలు ఎదుగూ బొదుగూ లేకుండా పసుపుపచ్చగా నిలబడ్డాయి.

"గచ్చు చేయించేద్దాం," అన్నాడు బావగారు. ఆమె ఒప్పుకోలేదు.

మట్టిలో కంటికి కనబడని జీవులుంటాయనీ, వాటికి మేత పెడితే నేల గుల్లబారుతుందనీ ఆమె విన్నది. చక్కెర మిల్లు నుంచి మొలాసిస్ తెప్పించి, ఆ నల్లటి మడ్డిని నీళ్ళలో కలిపి పోసింది. తెల్లారేసరికి పెరడంతా చీమలు బారులు తీరాయి.

"మొక్కలకి పోశావా, చీమలకి విందు పెట్టావా?" అని తోటికోడలు పగలబడి నవ్వింది.

"చిక్కనైపోయిందక్కా. ఈసారి పల్చగా పోస్తా," అందామె, చీమలు కుట్టిన పాదాలు రుద్దుకుంటూ.

ఈసారి ముందు నేల తవ్వి, కంకర ఏరి, మాగిన ఆకుల ఎరువు కలిపింది. ఆపైన బకెట్టు నీళ్ళకి గరిటెడు మడ్డి చొప్పున పోస్తూ వచ్చింది. చేతులు బొబ్బలెక్కాయి. సగం మొక్కలు చచ్చిపోయాయి కూడా. అయినా పట్టు వదల్లేదు.

వానలు వెలిశాక బావగారు పెరట్లోకి వచ్చాడు. మిగిలిన మొక్కల చిగుళ్ళు చూసి, వంగి గుప్పెడు మట్టి తీశాడు. అది వేళ్ళ మధ్య పొడిపొడిగా రాలింది. అందులో ఒక వానపాము మెలికలు తిరుగుతోంది.

"ఆ మూల కూడా తవ్వాలా?" అనడిగాడు.

"తవ్వాలి బావగారూ. పార అదిగో, గోడ పక్కనుంది."