పేలాలు పోయాల్సిన అన్న

చెల్లెలి పెళ్లిరోజు పొద్దున్నే మోహన్‌కృష్ణకు తల ప్రాణం తోకకొచ్చింది. మేళగాళ్లకు కాఫీ అందలేదు. పురోహితుడికి దర్భలు కనిపించలేదు. మండపంలో ఏ మూల ఏది తక్కువైనా పిలుపు మాత్రం అతనికే. ఇవి చాలవన్నట్టు, మారిసెల్‌ను పిలుచుకురావడానికి లాడ్జికి వెళ్తే, ఆమె గది ఖాళీ చేసి వెళ్లిపోయిందన్నారు.

మారిసెల్ ఫిలిప్పీన్స్ పిల్ల. మస్కట్ ఆసుపత్రిలో పెళ్లికూతురు రూపశ్రీతో పాటు నర్సు. సెలవుకు ఇంటికి పోతూ, దారిలో స్నేహితురాలి పెళ్లి చూద్దామని తిరుపతిలో దిగింది. "తాళి కట్టేటప్పుడు అది నా పక్కన ఉండాల," అని రూపశ్రీ నెల ముందు నుంచీ అన్న చెవిలో పోరుతూనే ఉంది.

ఫోన్ చేస్తే ఆ మహాతల్లి చెన్నై బస్సులో ఉంది.

"పెళ్లి చాలా బాగా చేశారు మోహన్," అంది ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా. "అలిసిపోయి ఉంటారని చెప్పకుండా వచ్చేశాను."

"పెళ్లి యాడ అయింది తల్లీ!" అని తెలుగులోనే అరిచాడు. ఆ తర్వాత ఇంగ్లీషులో కూడా అరిచాడు.

నిజానికి ఆమె తప్పేముంది? చిత్తూరు వైపు రిసెప్షన్ ముందురోజు సాయంత్రమే పెట్టేస్తారు. జంట దండలు వేసుకుని వేదిక మీద కూర్చుంది, అందరూ ఫోటోలు దిగారు, భోజనం చేశారు, చేతికి తాంబూలం సంచి కూడా ఇచ్చారు. వాళ్ల దేశంలో పెళ్లయ్యాకే విందు. పైగా "అంతేనా?" అని ఆమె అడిగితే, వడ్డన హడావుడిలో "అంతే, అంతే" అన్నది మోహన్‌కృష్ణే. అది గుర్తొచ్చి అతనికి ఇంకా ఒళ్లు మండింది.

పుత్తూరు బస్టాండులో దిగి కదలకుండా ఉండమని చెప్పి, బైకు తీశాడు. నాయన మునిరామయ్య అడ్డం వచ్చాడు.

"ముహూర్తానికి గంటన్నర కూడా లేదు. పేలాలు పోయాల్సినోడివి, నువ్వు యాడికిరా పొయ్యేది?"

తాళి కట్టాక, హోమంలో వేసే పేలాలను పెళ్లికూతురి దోసిట్లో మూడుసార్లు పోయాల్సింది అన్నే. ఆ పని కోసమే మోహన్‌కృష్ణ కొత్త పంచె కట్టుకున్నాడు. మస్కట్‌లో చెల్లెలికి ఆపరేషన్ అయినప్పుడు వీసా రాక పోలేకపోయాడు. ఆ బాధ ఇంకా లోపల అలాగే ఉంది. ఇదొక్కటైనా తన చేత్తో చేయాలని అతని ఆశ.

"వచ్చేస్తా నాయనా. ఆ పిల్ల లేకుంటే ఇది పీటల మీద ఏడస్తా కూర్చుంటాది."

పుత్తూరు బస్టాండంతా వెతికాడు. మారిసెల్ లేదు. తిట్టుకుంటూ ఫోన్ తీస్తే, ఆ ఊళ్లోనే ఉండే మేనత్త ఆదిలక్ష్మమ్మ చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి. తిరిగి ఆమెకు చేశాడు.

"ఒరే మోహనా, బస్టాండు కాడ ఎవురో పరదేశం పిల్ల మన తాంబూలం సంచి పట్టుకోని నిలబడుండాది. దాని మీద మన రూప పేరు సూసి కార్లో ఎక్కించుకున్నాను. మండపానికి గూడా వచ్చేసినాం. నువ్వు యాడుండావురా?"

మోహన్‌కృష్ణ మారిసెల్‌ను తిట్టాడు, అత్తను తిట్టాడు, ముందురోజు రిసెప్షన్ కనిపెట్టిన మహానుభావుణ్ణి తిట్టాడు. తిట్లు అయిపోకముందే, తిరుగుదారిలో వడమాలపేట దగ్గర బైకు పంక్చరైంది.

పంక్చర్ అంగడి ముందు నిలబడి ఉండగా అత్త వీడియో కాల్ చేసింది. తాళి కట్టడం అయిపోయింది. హోమం పొగలో పురోహితుడి గొంతు వినిపించింది.

"పెళ్లికూతురి అన్న యాడమ్మా? పేలాలు పోయాల."

"మారిసెల్ పోస్తాది సామీ," అంది రూపశ్రీ. "నాకు ఆపరేషనప్పుడు మా అన్న రాలేకపోయినాడు. అన్న మాదిరి పక్కనుండింది ఇదే."

పురోహితుడు మునిరామయ్య వైపు చూశాడు. ఆయన తలూపాడు.

మారిసెల్ వంకరగా కట్టిన పట్టుచీరలో ముందుకు వంగి పేలాలు పోసింది. సగం నేలపాలయ్యాయి.

"పక్కకు పడతాండాయి!" అని మోహన్‌కృష్ణ ఫోన్‌లోకి అరిచాడు. పంక్చర్ వేసే మనిషి పని ఆపి తల ఎత్తాడు. మోహన్‌కృష్ణ కొత్త పంచె కొంగుతో కళ్లు తుడుచుకున్నాడు.

"నిదానంగా పొయ్యమను అత్తా! ఇంగా రెండు తూర్లు పోయాల, ఎవురన్నా చెప్పండి ఆ పిల్లకు!"