గడువు దగ్గరపడిన సరుకు

బడి ఎదురుగా కొట్టు పెట్టుకున్నవాడికి సాయంత్రం బడి వదిలాక గడిచే కాసేపే వ్యాపారం. మిగతా రోజంతా ఈగలు తోలుకోవడమే. పిల్లల చెయ్యి దేనికి అందితే అదే అమ్ముడవుతుంది కాబట్టి మా ముందు అరలో ఎప్పుడూ చిప్స్ పొట్లాలు, క్రీమ్ బిస్కెట్లే ఉండేవి.

ఈ ఏడు ఆరోగ్య కేంద్రం, బడి, మా కొట్లవాళ్ళం కలిసి ఒక ఒప్పందానికి వచ్చాం. ముందు అరలో పళ్ళు, వేయించిన శనగలు పెట్టాలి. చిరుతిళ్ళు వెనక అరలోకి పోవాలి. సాయంత్రాలు నడవడానికి బడి మైదానం ఊరందరికీ తెరిచి ఉంచాలి. ఇదంతా నడిపేది ఆరోగ్య కేంద్రంలో నర్సుగా ఉన్న మా మరదలు. కాదంటే ఇంట్లో అన్నం పుట్టదని సరేనన్నాను.

పిల్లలు కొందరు పళ్ళకు అలవాటు పడ్డారు. వెనక్కి పోయిన పొట్లాలు మాత్రం కదలక గడువు మీదికొచ్చాయి. సరుకు పారేసే అలవాటు మా కొట్లో ఏనాడూ లేదు. గడువు దగ్గరపడింది మేడ మీద ఇంటికి పోతుంది. కడుపులోకి పోయింది నష్టం కాదని మా లెక్క.

మొన్న మరదలు బరువు చూసే మిషను పట్టుకుని ఇంటికొచ్చింది.

"బావా, బడిపిల్లలు కాస్త తేలికపడ్డారు. అక్కేంటి ఇలా బరువెక్కింది?"

"గాలి పీల్చినా ఒళ్ళొస్తుందట మీ అక్కకి" అన్నాను.

"గాలి కాదు, మీ బావ పంపే పొట్లాలు" అంది మా ఆవిడ మంచం మీద నుంచి. "ఆయన పంపుతాడు, నేను ఖాళీ చేస్తాను. ఈ ఇంటి చెత్తబుట్టని నేనేనే."

నవ్వబోయి ఆయాసపడింది. మరదలు నవ్వలేదు. నన్ను వంటింట్లోకి పిలిచింది.

"మోకాళ్ళు ఇంక మొయ్యలేవన్నారు డాక్టరు గారు. ఇలాగే ఉంటే అక్క మెట్లు దిగడం మర్చిపోవాల్సిందే."

"అయితే సరుకు పారబోయమంటావా?"

"సరుకు పారేస్తావో, మా అక్కని పారేస్తావో నువ్వే తేల్చుకో బావా."

మర్నాడు గడువు పొట్లాలన్నీ చించి వీధి చివర చెత్తకుండీలో పోశాను. బడి వదిలే వేళకు షట్టరు దించాను. బేరాలయ్యేదాకా ఆగితే, మా ఆవిడ మెట్లు దిగేసరికే మైదానంలో చీకటి పడుతుంది. ఆమె కమ్మీ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ దిగింది.

"అంకుల్, మూసేశారా?" అని అడిగి పిల్లలు పక్క కొట్టుకు పోయారు.

"ఈ వేళప్పుడు మూస్తే దివాలా తీస్తావయ్యా" అంది మా ఆవిడ.

"తీస్తే తీశాను. నడు."

మైదానం గేటు దాటి మొదటి బల్ల దాకా నడవగలిగింది. చెమట తుడుచుకుంటూ, "రేపు కూడానా?" అంది.

"రేపు కూడా."

ఆమె కంటే నేనే ఎక్కువ అలిసిపోయి పక్కన కూలబడ్డాను. అక్కడి నుంచి పక్క కొట్టు ముందు మూగిన పిల్లలు కనిపిస్తున్నారు.

"అటు చూడకు, ఇటు తిరిగి కూర్చో" అంది మా ఆవిడ.