పది నలభైకి నవ్వాలి

ఆ నోటుబుక్కు దొరక్కపోతే ఫిజిక్స్ మేడం ఆ వారమంతా హాయిగా గడిపేసేది.

దొరికింది. సోమవారం సాయంత్రం, పదో తరగతి గదిలో, చివరి బెంచీ సొరుగులో. మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలు: "మేడం గారి పాఠాలు. అక్కలు చెల్లెళ్లకు ఇచ్చినవి. జాగ్రత్తగా వాడుకుని కింది తరగతికి అందించండి."

మేడం పేజీ తిప్పింది.

"లోలకం పాఠం. పది ఇరవైకి మొదలు. పది ముప్పైకి 'బరువు మారితే ఊగే వేగం మారుతుందా?' అంటారు. మూడో బెంచీ: 'మారదు మేడం.' 'ఎందుకని?' కిటికీ పక్క అమ్మాయి: 'పొడవు మీదే ఆధారపడుతుంది మేడం.' పది నలభైకి మామగారి గోడగడియారం జోకు. నవ్వాలి. మరీ ఎక్కువ నవ్వొద్దు, ఇంకోటి చెబుతారు."

పక్కన ఇంకెవరి చేతిరాతో: "ఈ ఏడూ అదే జోకు. సరిచూశాం."

ఏడు రకాల చేతిరాతలు. అంటే ఏడు బ్యాచీలు. అడగడమే ఆలస్యం, టకటకా జవాబులిచ్చే ఆ పిల్లల్ని చూసుకుని ఇన్నేళ్లూ మేడం లోలోపల మురిసిపోయింది. ఇరవై ఒక్కేళ్ల అనుభవం మరి.

ఇంకెప్పుడైనా అయితే నవ్వేసి ఊరుకునేదేమో. కానీ గురువారం తనిఖీ అధికారి వచ్చి ఆమె పాఠం వింటాడు. బాగుందంటే పదో తరగతి ఆమెకే ఉంటుంది. లేదంటే ఆమెను ఆరో తరగతికి దింపి, పదిని ఇంకో ఫిజిక్స్ టీచరుకు ఇస్తానని హెడ్‌మాస్టరు మెత్తగానే చెప్పాడు. ఆ ఇంకో టీచరు మరెవరో కాదు, మేడం సొంత తోటికోడలు. రెండేళ్ల కిందట శిక్షణ ముగించుకుని వచ్చింది. ఒకే బడి, ఒకే ఇల్లు, ఒకే వంటగది.

"గురువారం ఏ పాఠం అక్కా?" అంది తోటికోడలు, ఉల్లిపాయలు తరుగుతూ.

"లోలకం."

"అయితే మామయ్యగారి గడియారం ఉంటుందన్నమాట."

"నీకెవరు చెప్పారు?"

"నా ఎనిమిదో తరగతి పిల్లలు. వాళ్లకింకా పాఠం రాలేదు కానీ జోకు వచ్చేసింది."

"పుండు మీద కారం చల్లడంలో నీ తర్వాతే ఎవరైనా."

"పదో తరగతి నాకొద్దని అబద్ధం చెప్పను అక్కా. ఇస్తే కళ్లకద్దుకుని తీసుకుంటా. కానీ మీ చేతిలోంచి లాక్కోవాలని లేదు."

మంగళవారం మేడం చిన్న వల వేసింది. గురువారం పాఠం ఒకసారి సాధన చేద్దామని మొదలుపెట్టింది. మూడో బెంచీ "మారదు మేడం" అంది. మేడం చూపు కిటికీ వైపు తిరిగింది.

"నిన్న బడికి ఎందుకు రాలేదు?"

"పొడవు మీదే ఆధారపడుతుంది మేడం," అంది కిటికీ పక్క అమ్మాయి, గుక్క తిప్పుకోకుండా.

గంట కొట్టాక అందరూ వెళ్లారు, ఒక్కతి ఆగింది. చివరి బెంచీ పిల్ల. తరగతి ఆమెను గుమాస్తా అంటుంది. ఎందుకో మేడంకి ఇప్పుడు అర్థమైంది.

"పుస్తకం మీ దగ్గరుందని తెలుసు మేడం," అంది గుమాస్తా తాపీగా. "గురువారం సంగతి మాకొదిలేయండి. ఎక్కడా తడబడం. మీరు మాత్రం ఒక్క ముక్క మార్చకండి."

"మారిస్తే?"

"మేం మునుగుతాం. మాతోపాటు మీరూ."

బేరం బాగానే ఉంది. పదో తరగతి దక్కుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. మేడం ఒప్పుకునేదే. పోతూ పోతూ ఒక ప్రశ్న అడక్కపోతే.

"ఇంతకీ నీకు లోలకం అర్థమైందా?"

గుమాస్తా నిజాయితీగానే ఆలోచించింది. "అర్థం చేసుకోమని అందులో ఎక్కడా లేదు మేడం."

గురువారం. అధికారి వెనక కుర్చీలో, ఒళ్లో ఫారం. పది ఇరవైకి పాఠం నూనె పోసిన యంత్రంలా కదిలింది. పది ముప్పైకి మూడో బెంచీ "మారదు మేడం" అంది. అధికారి తల ఊపి టిక్కు పెట్టాడు. కిటికీ పక్క అమ్మాయి నోరు తెరిచింది.

"ఆగు," అంది మేడం. "నిజమో కాదో చూద్దాం."

గుమాస్తా రెండు చేతులతో తల పట్టుకుంది.

మేడం పిల్లల దగ్గర ఒకేలాంటి రెండు నీళ్ల సీసాలు తీసుకుంది. ఒకటి నిండుగా, ఒకటి సగం. మూతుల కింద జానెడేసి దారం కట్టి, కిటికీ కమ్మీకి వేలాడదీసి, రెండింటినీ ఒకేసారి వదిలింది. రెండూ జతగా ఊగుతాయి, తాను దర్జాగా వివరిస్తుంది. అదీ పథకం.

పదో ఊపుకు సగం సీసా వెనకబడింది.

మళ్లీ వదిలింది. మళ్లీ వెనకబడింది. అధికారి పెన్ను ఆపి తలెత్తాడు. లాబులో ఏది తేడా వచ్చినా ఆమె దగ్గరొక మందుంది: "దారం సరిగా లేదు, పుస్తకంలో ఉన్నది రాసుకోండి." ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఎందుకిలా అయిందో నాకు తెలియదు," అంది.

ఆ మాట ఏ పేజీలోనూ లేదు.

"బరువు తగ్గితే నెమ్మదిస్తుందేమో మేడం," అంది కిటికీ పక్క అమ్మాయి మెల్లగా. ఆ ఏడాదిలో అది ఆమె మొదటి సొంత వాక్యం.

"అలాగైతే ఖాళీ సీసా ఇంకా వెనకబడాలి," అంది మూడో బెంచీ.

ఖాళీ సీసా వేలాడదీశారు. తేలిక కాబట్టి కాస్త వణికింది గానీ, నిండు సీసాతో సమానంగా ఊగింది.

ఇక ఎవరూ బెంచీల్లో లేరు. "గాలి వల్ల." "నీ మొహం, కిటికీ మూసే ఉంది." "ముడి వదులైంది." "నేనే కట్టా, నా ముడిని ఏమీ అనకు." పది నలభై ఎప్పుడు దాటిందో ఎవరూ చూడలేదు.

గుమాస్తా మోకాళ్ల మీద కూర్చుని సీసాలనే చూస్తోంది.

"సగం సీసాలో నీళ్లన్నీ అడుగునే ఉన్నాయి," అంది నెమ్మదిగా. "బరువు కిందికి దిగింది. అంటే దారం పొడుగైనట్టే కదా మేడం? నిండుదానికీ ఖాళీదానికీ బరువు నడిమధ్యే ఉంటుంది."

మేడంకి అందడానికి ఒక క్షణం పట్టింది. ఇరవై ఒక్కేళ్లలో ఆ గదిలో ఆమె ఏదైనా కొత్తగా నేర్చుకోవడం అదే మొదలు.

"రుజువు చెయ్యి."

"సగం సీసా దారం నాలుగు వేళ్లు కురచ చేస్తే జత కుదరాలి."

గంట కొట్టింది. ఒక్కరూ కదల్లేదు. గుమ్మంలో హెడ్‌మాస్టరు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. అధికారి ఫారం పట్టుకుని ముందుకొచ్చాడు.

"పాఠం పూర్తి కాలేదు," అన్నాడు.

"అయితే సార్, పదో తరగతి ఇక వేరేవాళ్లకు..." హెడ్‌మాస్టరు సన్నగా అందుకున్నాడు.

"ఎలా ఇస్తారు? 'ముగించిన తీరు' అని ఇక్కడ ఒక గడి ఉంది. అది నిండందే నేను సంతకం పెట్టను. నా సంతకం లేందే మీరు ఎవర్నీ మార్చలేరు." ఆయన సీసాల ముందు గొంతుక్కూర్చుని గొంతు తగ్గించాడు. "మేడం, ముప్పాతిక నింపితే ఎలా ఊగుతుందంటారు?"

"మీరేమంటారు సార్?"

అధికారి మొహం ఎర్రబడింది. "రేపు మళ్లీ వస్తాను. అందాకా ఇవి ఇక్కణ్నుంచి తీసెయ్యకండి."

ఆయన వెళ్లాక తోటికోడలు లోపలికొచ్చింది. అందాకా వరండాలోంచి అంతా చూస్తూనే ఉంది.

"ఈ పాఠం ఎప్పటికి ముగుస్తుంది అక్కా?"

"ముగిస్తే కదా నీకు తరగతి వచ్చేది," అంది మేడం, సగం సీసా ముడి విప్పుతూ. "ఊరికే నిలబడకపోతే ఆ దారం కొస పట్టుకో. నాలుగు వేళ్లు కొలవాలి."