టీవీ కింద రాలిన ముక్కలు

పొద్దున్నే కాలరమ్మ చేసే మొదటి పని వెనకగదిలో టీవీ కింద ఊడ్చడం. వీడియో తడబడి ఆగినప్పుడల్లా, తప్పిపోయిన ఆ క్షణం తెర అంచు నుంచి జారి నేలమీద పడుతుంది, చిటికెనవేలంత గుడ్డముక్కలా. ఎన్ని ముక్కలు తొక్కితే అన్ని క్షణాలు మనిషి ఉన్నచోటే బిగుసుకుపోతాడు. మొన్న ఆమె మరిది చూసుకోకుండా కుప్పమీదే కాలేశాడు. టీ గ్లాసు పెదవిదాకా వచ్చి ఆగింది. కదిలాక ఒక గుక్క తాగి, "చల్లారిపోయింది వదినా" అని విసుక్కున్నాడు, అంతే.

ఇరుగుపొరుగువాళ్ళు ఆ ముక్కల్ని చెత్తబుట్టలో వేస్తారు. కాలరమ్మ మాత్రం గుడ్డసంచిలో దాస్తుంది. కుట్టుపనిలో ఒక నియమం ఉంది: బట్ట అప్పజెప్పేదాకా ముక్క పారేయకూడదు.

చొక్కాల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళుగా కాలర్లే కుడుతోంది కాబట్టి ఆమెకా పేరు. కుట్టేది ఆడవాళ్ళు, కూర్చుని. కోసేది మగవాళ్ళు, నిలబడి. కటింగ్ బల్ల దగ్గర ఇంతవరకూ ఒక్క ఆడమనిషి నిలబడలేదు. ఎందుకని అడిగితే, ఎప్పుడూ లేదు గనక అని జవాబు. కటింగ్ మాస్టారు ఏడాది కిందట రిటైరవుతూ, తన పనంతా ఫోన్లో వీడియో తీయించి ఆమె చేతిలో పెట్టాడు. "నేర్చుకో. నా తర్వాత నువ్వే నిలబడాలి" అన్నాడు. సూపర్‌వైజరు మాత్రం తన బామ్మర్దిని నిలబెట్టాలని చూస్తున్నాడు. సోమవారం పరీక్ష. ఓడితే మళ్ళీ కాలర్లే.

ఫోను చిన్న తెరమీద కత్తెర కదలిక కనబడదని, ఆ వీడియోని ముందుగదిలో మరిది కంప్యూటర్లోకి ఎక్కించింది. అక్కణ్ణించి వెనకగది టీవీకి గాల్లో రావాలి. మాస్టారు కాలరు మొన దాకా కత్తెర తెస్తాడు. బొమ్మ ఆగుతుంది. కదిలేసరికి మొన కోయడం అయిపోయి ఉంటుంది. అసలు కిటుకు నేలమీద పడిపోయింది.

"నెట్‌కి పెద్ద ప్లాను తీసుకున్నాను కదా వదినా, ఇంకా ఆగుతోందా?" అన్నాడు మరిది.

ఇళ్ళల్లో నెట్‌వర్కులు బాగుచేయడమే కాలరమ్మ కూతురి పని. ఊరంతా బాగుచేసి సొంతింటిని మాత్రం ఏడాదిగా వాయిదా వేస్తోంది. శనివారం సాయంత్రం ఆమెకే సిగ్గేసి పనిముట్ల సంచి దించింది.

"బాబాయ్, నువ్వు వీధిలో గొట్టం లావు చేయించావు. మన వంటింటి కొళాయి సన్నంగానే ఉంది. ఈ వీడియో అసలు గడప దాటి బయటికే పోదు. నీ గదిలోంచి అమ్మ గదిలోకి రావాలి, అంతే. దారిలో నీ ఇనప బీరువా, రెండు గోడలు. రౌటరుని దానివెనక దాచావు."

"దుమ్ము పడుతుందని."

"అధికారం ఉన్నచోటే సిగ్నలు. పనిచేసేవాళ్ళకి తుంపులు. ఇక చెల్లదు. చూసేవాళ్ళదే సిగ్నలు."

"ఊరేగింపు బయల్దేరింది, పక్కకి తప్పుకోండి" అన్నాడు బాబాయి. అన్నాడే గానీ బీరువా జరపడానికి ఓ చెయ్యి వేశాడు.

కూతురు గోడకి కన్నం వేసి, రౌటరు నుంచి టీవీదాకా తీగ లాగింది. కంప్యూటరునీ తీగతోనే కలిపింది. అయినా ఒకచోట తడబడింది. వీడియో ఆ టీవీకి తెలిసిన రకంలో లేదు. పాత కంప్యూటరు ఒకపక్క చూపిస్తూ ఒకపక్క మారుస్తూ ఒగరుస్తోంది. కూతురు వీడియోని ముందే టీవీకి తెలిసిన రకంలోకి మార్చి పెట్టేసింది.

ఈసారి మాస్టారు ఆగలేదు. కాలరమ్మ ముందుకి వంగింది.

"బట్ట తిప్పడం లేదే" అంది మెల్లగా. "ఆయనే తిరుగుతున్నాడు."

మొన దగ్గర మాస్టారు బట్టని కదపకుండా, తనే బల్ల చుట్టూ రెండడుగులు వేశాడు. మిషను ముందు కూర్చున్నవాళ్ళకి బట్ట తిప్పడమే అలవాటు. పది పొరల బట్టని తిప్పితే కింది పొర జరుగుతుంది. అందుకే ఏడాదిగా ఆమె ఇంట్లో సాధనకి కోసిన ప్రతి కాలరూ వంకరపోయింది. ఆదివారమంతా ఆమె భోజనాల బల్ల చుట్టూ తిరిగింది.

"ఇక ముక్కలు పడవు. ఆ సంచి పారెయ్యమ్మా" అంది కూతురు.

"అప్పుడే ఎలా పారేస్తాను?" అని కాలరమ్మ దాన్ని కత్తెర పక్కనే సర్దుకుంది.

సోమవారం మేనేజరు అరగంట గడువిచ్చి, కొలతలు చూడ్డానికి తర్వాత వస్తానని వెళ్ళాడు. పది పొరల మీద చొక్కా మొత్తం కోయాలి. వెన్ను, ముందుభాగాలు, చేతులు అయ్యాయి. కాలరు మిగిలింది. గోడ గడియారంలో ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. సూపర్‌వైజరు ఆమె బల్లవైపు బయల్దేరాడు.

"చాలు చాలు, టైమైపోయింది. కత్తెర పెట్టెయ్."

"ఇంకా ఉందండి."

"నేను చెబుతున్నాను కదా."

కాలరమ్మ పక్కనే ఉన్న గుడ్డసంచి అందుకుంది. మూతి విప్పి, అతను వచ్చే దారిలో బోర్లించింది. ఏడాది పాటు ఆమె దగ్గర్నించి పోయిన క్షణాలన్నీ కుప్పగా పడ్డాయి. అతను కాలు వేశాడు. చెయ్యి బట్టమీదికి చాపి, నోరు తెరిచి, అలాగే నిలబడ్డాడు.

మిషన్లు ఆడుతూనే ఉన్నాయి. పక్క వరసలో ఒకామె దారం ఎక్కించుకుంటూ, "మొన జాగ్రత్తక్కా" అంది.

కాలరమ్మ మొన దాకా కోసింది. బట్ట ముట్టుకోలేదు. తనే బల్ల చుట్టూ రెండడుగులు వేసి, అవతలి వైపు కోసింది. ఇంకా టైముంది. కత్తెర తుడిచి పెట్టింది.

"టైమైపోయింది" అన్నాడు సూపర్‌వైజరు, రెండో కాలు ముందుకేస్తూ.

"నాదీ అయిపోయిందండి."

మేనేజరు వచ్చి పది పొరలూ కొలిచాడు. ఒక్క నూలుపోగు తేడా లేదు. "రేపట్నించి ఇక్కడే నిలబడు" అన్నాడు.

సాయంత్రం కూతురు ఖాళీ సంచి చూసి, "ముక్కలేవమ్మా?" అంది.

"బట్ట అప్పజెప్పేశాగా" అని కాలరమ్మ సంచి దులిపి తీగమీద ఆరేసింది.