సలాముకు జవాబు

ఆస్ట్రేలియాకు చెందిన కోకోస్ దీవుల్లో, మా హోమ్ ఐలండ్ మసీదులో మా నాన్న అల్వాన్ ముప్ఫై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పాడు. మొదటి రోజు సలాం కథే చెప్పేవాడు. దేవుడు ఆదాముకు ప్రాణం పోసి, "అదిగో, దేవదూతలు కూర్చున్నారు. వెళ్లి పలకరించు. వాళ్లేమంటారో విను. ఇకమీదట నీకూ నీ పిల్లలకూ అదే పలకరింపు" అన్నాడట. ఆదాము "అస్సలాము అలైకుమ్" అన్నాడు, మీకు శాంతి కలగాలని. దూతలు ఆ శాంతినే తిరిగి కోరి, దేవుడి దయను కూడా కలిపారు.

"వచ్చినదానికంటే తక్కువ తిరిగివ్వకూడదర్రా" అనేవాడు నాన్న.

అలాంటి మనిషి సొంత తమ్ముడి సలాముకు జవాబివ్వడం మానేశాడు. సుమార్ బాబాయ్ అడక్కుండా నాన్న తెరచాప పడవ తీసుకెళ్లి పగడపు దిబ్బకు తగిలించి ముక్కలు చేశాడు. ఆ తర్వాత ఏడాదిపాటు బాబాయ్ మసీదు మెట్ల మీద సలాం చెబుతూనే ఉన్నాడు. నాన్న తన చెప్పులు చూసుకుంటూ వెళ్లిపోయేవాడు. చివరికి బాబాయ్ కూడా మానేశాడు. అలా తొమ్మిదేళ్లు గడిచాయి.

కిందటి రంజాన్ తర్వాత నాన్నకు పక్షవాతం వచ్చింది. మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలింది: "పో". నీళ్లు కావాలన్నా అదే, నొప్పన్నా అదే.

సంగతి తెలిసి బాబాయ్ వచ్చాడు. గడప దగ్గరే నిలబడి, "అస్సలాము అలైకుమ్, అన్నా" అన్నాడు.

నాన్న పెదవులు వంకరపోయాయి. "పో."

బాబాయ్ మొహం పాలిపోయింది.

"అయ్యో బాబాయ్, అందరికీ అదే మాట! పొద్దున గంజి పడితే గంజినీ పొమ్మన్నాడు" అన్నాను.

బాబాయ్ మళ్లీ సలాం చెప్పాడు. "పో, పో" అంటూ నాన్న ఎడమ చేత్తో దుప్పటి పిడికిట పట్టి ఏడ్చాడు.

బాబాయ్ బయటికి నడిచాడు. వెంట వెళ్లాను.

"నిజంగానే పొమ్మన్నాడేమోనే, జైతూన్?"

"కాదు బాబాయ్."

"నీకెలా తెలుసు?"

నాకు తెలియదు.

ఆ తర్వాత రోజూ వచ్చేవాడు. సలాం చెప్పి, ఆ మాట విని వెళ్లేవాడు. నాలుగో వారం నాన్నను విమానంలో పెర్త్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను. అక్కడే కన్నుమూశాడు.

మా దీవికి తెచ్చి ఖననం చేశారు. బాబాయే గోతిలోకి దిగి అన్నను పడుకోబెట్టాడు. తిరిగొచ్చి, బట్టల నిండా ఇసుకతో మా వాకిట్లో నిలబడ్డాడు.

"ఆఖర్న ఏమైనా అన్నాడా, అమ్మా? నా గురించి?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన కళ్లలోకి చూసి చెప్పలేకపోయాను.

"ఏమీ అనలేదు బాబాయ్."

తలూపి మెట్టు మీద కూర్చున్నాడు. టీ తెచ్చి పక్కన పెట్టాను. ముట్టుకోలేదు.